గురామి చేప: పిల్లనాటి చారలు, పెద్దనాటి రంగు

గాజుతొట్టెలో రంగుచేపలను పెంచే సరదా ఈనాడు మన ఇళ్ళలో బాగా వ్యాపించింది. పిల్లలు అడుగుతారు. పెద్దలు నాలుగు రోజులు కాదని, ఐదో రోజున సరేనంటారు. చెన్నపట్నంలో ఉన్నవారికి ఇక చెప్పనక్కరలేదు. కొళత్తూరు వైపు పోతే వరసగా చేపల దుకాణాలే. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచులలో చేపలు తళతళలాడుతూ ఉంటాయి. వాటిని చూచిన పిల్లలు అక్కడినుండి కాలు కదపరు.

అట్లా కొన్న చేపలలో ఒకదానిని గురించి ఇక్కడ వ్రాస్తున్నాము. దాని పేరు గురామి. గురామిలలో చాలా రకాలున్నవి. మేము చెప్పబోయేది పెద్ద గురామి. ఇది పిల్లగా ఉన్నప్పుడు ఒక రంగు, పెరిగిన తరువాత మరొక రంగు. ఆ సంగతి తెలియక మేము ఒక చేపను చేజేతులా చంపుకున్నాము. మరొకరి ఇంట అట్లా జరగకూడదని ఈ నాలుగు మాటలు.

కొన్నదొకటి, పెరిగినదొకటి

మూడేళ్ళ క్రిందట మా అమ్మాయి పుట్టినరోజుకు రెండు చేపలు కొన్నాము. ఒక్కొక్కటి రెండంగుళాలు ఉంటుందేమో. మూతి కోసుగా ఉన్నది. లేత గోధుమరంగు ఒంటిమీద నిలువునా ముదురు చారలు. తోక మొదట ఒక నల్లని చుక్క. పొట్టక్రింద రెండు సన్నని దారాల వంటివి వ్రేలాడుతూ, ముందున్న వస్తువులను తడిమి చూస్తున్నవి. "ఇది చాక్లెట్ గురామి సార్, మీ వేలంతకంటె పెరగదు" అన్నాడు దుకాణంవాడు. మాకు కావలసిందీ అదే. మా తొట్టె పొడవు మూడడుగులే.

ఆ వేలెడు చేప ఆరు నెలలకు జానెడైంది. వేసినదల్లా తిన్నది. పాలకూర వేస్తే ఆకు మాయం, బఠాణీ వేస్తే గింజ మాయం. తొట్టెలో అలంకారానికి పెట్టిన మొక్కలను వారంలో మొదలంటా కొరికివేసింది. మా ఇంటావిడ, "చాక్లెట్టు తిని పెరిగే చేప కాదండీ ఇది, తోటంతా మేసే ఆవు" అన్నది.

అప్పుడే మరొక సంగతి కనిపించింది. ఒంటిమీది చారలు పలచబడసాగాయి. ముందు వెనుక భాగాన, తరువాత మధ్యన. తోక దగ్గరి చుక్క కూడా మసకబారింది. ఒళ్ళు బూడిదరంగుకు తిరిగింది. దానికి తోడు రెండు చేపలూ మాటిమాటికి పైకి వచ్చి నోటితో గాలి పీల్చుకొని పోతున్నవి. చూచినవారందరూ జబ్బేనన్నారు. మేమూ అదే అనుకున్నాము.

ఆ సాయంత్రం ఆఫీసునుండి వస్తూ ఒక మందుసీసా, ఒక ఉప్పు పొట్లం తెచ్చాము. సీసామీద వ్రాసిన మోతాదు చాలదేమోనని రెండింతలు పోశాము. అంతకుముందే తొట్టెలోని నీళ్ళన్నీ పారబోసి, కుళాయినీళ్ళు అప్పటికప్పుడు పట్టి నింపాము. తెల్లవారేసరికి రెండు చేపలలో ఒకటి వెల్లకిలా తేలింది. అమ్మాయి ఆ పూట అన్నం ముట్టలేదు.

రెండవదానికి కూడా మందు పోయబోతుండగా మా అమ్మగారు అడ్డుపడ్డారు. ఆమె పుట్టినది నెల్లూరు జిల్లాలో, చెరువు కట్టమీద ఉన్న ఊరు. "ఒరే, కొరమీను పిల్లలు పుట్టినప్పుడు ఎర్రగా ఉంటాయి. గుంపుగా నీళ్ళమీద తిరుగుతుంటే కుంకుమ చల్లినట్టుంటుంది. క్రింద కాపలా కాసే తల్లి నల్లగా ఉంటుంది. రంగు వేరని ఆ పిల్లలు దానివి కావంటామా? ఈ చేపకు జబ్బయితే అంత తిండి ఎట్లా తింటుంది?" అన్నారు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. మందు మూత పెట్టి, ఆ రాత్రినుండి ఈ చేపను గురించి చదవడం మొదలుపెట్టాము. ముందే చేయవలసిన పని అది.

ఎక్కడి చేప ఇది?

పెద్ద గురామి మన నేలది కాదు. జావా, సుమత్రా, బోర్నియో దీవులు, మలయా, ఇండోచైనా ప్రాంతాలు దీని పుట్టిళ్ళు. జావాలో ఇది విందుభోజనాల చేప. తరతరాలుగా అక్కడివారు చెరువులలో పెంచుకుంటున్నారు. పెంపకపు చేపలలో రంగునుబట్టి, ఆకారాన్నిబట్టి వేరువేరు పేర్లు కూడా పెట్టుకున్నారు. ఒకదానిని బాతుజాతి పక్షి పేరుతో పిలుస్తారు, మరొకదానిని పింగాణీ అంటారు.

మన చెన్నపట్నానికి కూడా దీనితో పాత సంబంధమే ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలోనే దీనిని మన దేశానికి తెచ్చే ప్రయత్నాలు జరిగాయి. 1916లో మద్రాసు మత్స్యశాఖవారు జావా, మారిషస్‌ల నుండి తెప్పించి ఇక్కడి చెరువులలో పెంచారు. ఆకులు మేసి పెరిగే చేప, తినడానికి రుచి. అందుకే అంత శ్రమపడ్డారు. అద్దాల తొట్టెలో ఆడుకునే బొమ్మగా కాదు, ఆహారంగానే ఇది ముందు వచ్చింది.

దీని పరిమాణం తెలిస్తే పాఠకులు ఆశ్చర్యపడతారు. పూర్తిగా పెరిగితే 60, 70 సెంటీమీటర్ల వరకు పోతుంది. అంటే రెండడుగుల పైమాట. సరిగా చూచుకుంటే ఇరవై ఏండ్లు కూడా బ్రతుకుతుంది. మేము పుట్టినరోజు కానుక కొన్నామనుకున్నాము. నిజానికి ఒక బాధ్యతను ఇంటికి తెచ్చుకున్నాము.

గాలి పీల్చడం కూడా జబ్బు కాదు. ఈ చేపకు మొప్పలపైన, తలలో, మడతలు మడతలుగా చిక్కుపడిన ఒక అవయవం ఉన్నది. నీటిపైకి వచ్చి మ్రింగిన గాలినుండి ప్రాణవాయువును దానితో తీసుకుంటుంది. మన గొరక, కొరమీను కూడా ఇట్లాగే గాలి పీల్చుకొనే చేపలు. అందుకే కొరమీను సంతలో తడిబుట్టలో చాలాసేపు ప్రాణంతో ఉంటుంది. పూర్వం ఐరోపావారు గురామి తలలోని ఈ అవయవం వాసన చూడడానికని భ్రమపడ్డారు. 1801లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాసెపేద్ ఈ చేపకు ప్రకటించిన ఒస్ఫ్రోనెమస్ గొరామి అన్న శాస్త్రనామంలో ఆ వాసన అర్థమే ఉన్నది.

ఒకటనుకున్నది నాలుగు

పెద్ద గురామి అంటే ఒకటే జాతి అని చాలాకాలం లోకమంతా అనుకున్నది. 1992లో టైసన్ రాబర్ట్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ కుటుంబాన్ని మళ్ళీ పరిశీలించి, మరి రెండు కొత్త జాతులను వేరుచేశాడు. 1994లో ఇంకొకటి చేర్చాడు. ఇప్పుడు మొత్తం నాలుగు. 1801 నుండి 1992 వరకు, అంటే 191 సంవత్సరాలు, అవి ఒక్కటిగానే చలామణి అయినవి.

ముదిరిన చేపలను చూస్తే ఇందులో వింత ఏమీ లేదనిపిస్తుంది. అన్నీ బరువుగా, నల్లగానో బూడిదరంగుగానో, బండమూతితో ఒకే పోలికగా కనబడతాయి. పిల్లల చారలు లెక్కపెడితే మాత్రం తేడా తెలుస్తుంది. ఆ నాలుగింటి ఆనవాళ్ళు ఇవి:

మొదటిది అసలు గొరామి. మన దుకాణాలలో సాధారణంగా దొరికేది ఇదే. పిల్లకు 8 మొదలు 10 వరకు నిలువు చారలుంటాయి. తోక మొదట, ప్రక్కగా, నల్లని చుక్క. పెరిగేకొద్దీ చారలూ పోతాయి, చుక్కా పోతుంది. కోసుమూతి మొద్దుబారుతుంది. లోపలికి వంగినట్లుండే నుదురు ఉబ్బి ముందుకు వస్తుంది. పెదవులు మందమవుతాయి. మగచేపకు నుదుటి బొప్పి మరీ ప్రస్ఫుటంగా ఉంటుంది. దాని వీపు రెక్క కొన వాడిగా, ఆడదానిది గుండ్రంగా ఉంటుంది.

రెండవది ఏడుచారల గురామి. శాస్త్రనామం సెప్టెమ్‌ఫాసియాటస్. లాటిన్‌లో ఏడు పట్టీలు కలదని అర్థం. బోర్నియో దీవి నదులది.

మూడవది ఎర్రతోక గురామి. ఇదీ బోర్నియోదే. పిల్లకు నాలుగైదు చారలకంటె ఉండవు. చిన్నప్పుడు దీనిని చూచి ఎవరూ అందగత్తె అనరు. వయసు వచ్చేకొద్దీ ఒళ్ళు నల్లబడి, రెక్కలకూ తోకకూ వెడల్పుగా ఎర్రని అంచు ఏర్పడుతుంది. నల్లచీరకు ఎర్రంచు వేసినట్లే. దీని శాస్త్రనామం లాటిక్లావియస్. పూర్వం రోమునగరపు పెద్దలు తొడిగిన, వెడల్పాటి పట్టీ గల అంగీనిబట్టి వచ్చిన పేరు. నాలుగింటిలో, పెరిగిన తరువాత రంగుచేతనే గుర్తుపట్టదగినది ఇదొక్కటే అనవచ్చు.

నాలుగవది మెకాంగ్ నదిలోని ఎక్సోడన్. దీనికి రంగుతో పని లేదు. పళ్ళు పెదవులు దాటి బయటికి కనబడతాయి. పేరుకు అర్థం కూడా అదే. 1994లో చేరినది ఇదే.

దుకాణంలో చూడవలసినవి

ఇక మేము మోసపోయిన చాక్లెట్ గురామి మాట. ఇది వేరే చేప. పెద్దదైనా ఐదారు సెంటీమీటర్లే. దీనికీ చారలున్నవి కనుక పెద్ద గురామి పిల్లను దీని పేరుతో అమ్మడం పలుచోట్ల జరుగుతుంటుంది. దుకాణంవాడికి తెలిసి చేశాడో, తెలియక చేశాడో మేము చెప్పలేము. తేడా మాత్రం సులభం. చాక్లెట్ గురామికి ముదురు గోధుమరంగు ఒంటిమీద లేతరంగు చారలు. పెద్ద గురామి పిల్లకు లేత ఒంటిమీద ముదురు చారలు. ఒకటి రెండవదానికి తలక్రిందులు. ఇంత చిన్న సంగతి ఆనాడు తెలిసి ఉంటే ఆ సంచి అక్కడే వదలి వచ్చేవారము.

మూడుచుక్కల గురామి అని మరొకటి ఉన్నది. సాధారణంగా నీలిరంగుది. దాని ఒంటి మధ్య ఒక చుక్క, తోక మొదట ఒక చుక్క. కంటిని కూడా కలుపుకొని మూడంటారు. ఇది 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మధ్యరకం తొట్టెకు ఇది నప్పుతుంది.

తెల్లని, లేత గులాబీరంగు పెద్ద గురామిలు కూడా అమ్మకానికి వస్తాయి. ఇవి పెంపకంలో నిలబెట్టిన రంగులు. వీటిమీద చారలు వెదకి లాభం లేదు. రంగు ముద్దుగా ఉన్నదని కొంటే, ఇవి కూడా రెండడుగులకు పెరిగేవే.

చారలు లెక్కించేటప్పుడు తొందర పనికిరాదు. సంచిలో కుదిపి తెచ్చిన చేప బెదిరి ఉంటుంది. బెదిరిన చేప రంగు అప్పటికప్పుడు పాలిపోనూవచ్చు, నల్లబడనూవచ్చు. తొట్టెలో వదలి, రెండు రోజులు కుదుటపడనిచ్చి, పగటి వెలుతురులో ప్రక్కనుండి చూడవలెను. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు లెక్కపెట్టవలెను.

పూటరంగు, వయసురంగు, జబ్బురంగు

మేము తప్పు చేసినది ఇక్కడే కనుక ఇది కాస్త వివరంగా చెబుతాము.

భయంచేత, కొట్లాటచేత, నీళ్ళు మార్చినందుచేత వచ్చే రంగుమార్పు కొద్ది గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో సర్దుకుంటుంది. ఇది పూటరంగు. వయసుతో వచ్చే మార్పు నెలలమీద వస్తుంది, మళ్ళీ వెనుకకు పోదు. రంగుతోపాటు మూతి, నుదురు, ఒంటి బరువు కూడా మారుతుంటాయి. తిండి తగ్గదు. మా చేపలకు జరిగినది ఇదే.

జబ్బు వేరు. తిండి మానివేస్తుంది. రెక్కలు ఒంటికి అంటించుకొని మూల చేరుతుంది. ఉప్పురవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు లేస్తాయి, లేదా పొలుసులు నిక్కబొడుచుకుంటాయి. రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంది. ఇట్లాంటివి కనబడినప్పుడు తెలిసినవారిని అడిగి, సీసామీద చెప్పిన మోతాదులోనే మందు వాడవలెను. నీళ్ళన్నీ ఒకేసారి మార్చకూడదు. నాలుగోవంతు మార్చితే చాలు. కుళాయినీటిలో కలిపే క్లోరిన్ మందు చేపల మొప్పలకు విషం. ఆ నీటిని ముందురోజే పట్టి, మూత లేకుండా నిలవ ఉంచి పోయడం మంచిది. క్లోరిన్ విరుగుడు మందు చేపల దుకాణాలలోనే దొరుకుతుంది. మా చేప చారలు పోయి చావలేదు. మా మందు చేత, మా నీళ్ళ చేత చచ్చింది.

తొమ్మిది చారలు

బ్రతికిన చేప ఏ జాతిదో తేల్చడం మరొక చిక్కైంది. అప్పటికి దాని ఒంటిమీద చారలు లేవు. అమ్మాయి తన డ్రాయింగు పుస్తకం తెచ్చి చూపింది. కొన్న వారంలోనే రంగుపెన్సిళ్ళతో చేపలను వేసింది. ఒకదానికి తొమ్మిది చారలు, రెండవదానికి పదకొండు. మా బావమరిది చూచి నవ్వి, "చిన్నపిల్ల బొమ్మ సాక్ష్యమా బావగారూ? చోటున్నంతవరకు గీతలు గీసి ఉంటుంది" అన్నాడు. అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకున్నది.

చివరకు సెల్‌ఫోనులో పాత ఫొటోలన్నీ తిరగవేశాము. ఆ ఏటి సంక్రాంతినాడు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి తీసిన ఫొటో ఒకటి దొరికింది. వారి వెనుక గాజుతొట్టె. అందులో ఒక చేప ప్రక్కకు తిరిగి స్పష్టంగా పడింది. పెద్దది చేసి లెక్కపెట్టాము. తొమ్మిది. తోక మొదట చుక్క కూడా ఉన్నది. అసలు గొరామియేనని తేలింది. రోజంతా కాగితాలమీద తేదీలు వేసే గుమాస్తా ఉద్యోగం మాది. ఇంట ఉన్న ప్రాణిని గురించి ఒక్క ముక్క వ్రాసి పెట్టుకోలేదు. ఆ పని ఎనిమిదేళ్ళ పిల్ల చేసింది. మా బావమరిది ఆ సాయంత్రం ఆమెకు కొత్త రంగుపెన్సిళ్ళు కొనిచ్చాడు.

చెరువులో వదలకండి

ఏడాదిన్నర తిరిగేసరికి చేప అడుగు పొడవైంది. మూడడుగుల తొట్టెలో అటు తిరిగితే తోక అద్దానికి, ఇటు తిరిగితే మూతి అద్దానికి. పొరుగువారొకరు మంచి మనసుతోనే, "కోనేటిలో వదిలేయండి, పుణ్యం వస్తుంది" అన్నారు. మాకూ ఒక క్షణం సబబుగానే తోచింది.

కాని పరాయి చేపను మన నీళ్ళలో వదలితే ఏమవుతుందో మన కళ్ళయెదుటనే ఉన్నది. తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. తమిళులు జిలేబి కెండె అనేది దానినే. అది నేడు చెరువుచెరువునా ఉన్నది, మన చేపల మేతకు, చోటుకు పోటీ వస్తున్నది. గాజుతొట్టెలలో పాచి తినడానికి అమ్మే ముళ్ళ చేప బయటి నీళ్ళలో పడి ఎంత పెరిగిందంటే, ఆంధ్రదేశపు జాలరులు దానికి దెయ్యం చేప అని పేరు పెట్టారు. వలలో పడితే వల చిరుగుతుంది, తినడానికి ఎవరూ ముందుకు రారు. ఇవి ఎవరో ఒకరు తెచ్చి వదలినవే. పుణ్యమనుకొని చేసిన పనికి జాలరి నష్టపోతే అది పుణ్యమెట్లా అవుతుంది?

అందుచేత నెల రోజులు విచారించి, ఊరి వెలుపల తోటలో పెద్ద సిమెంటు తొట్టె ఉన్న ఒక తెలిసినవారికి ఇచ్చాము. ఆయన దగ్గర అప్పటికే రెండు పెద్ద గురామిలున్నవి. పెద్దవైతే ఒకదానినొకటి తరుముతాయి కనుక కొన్నాళ్ళు నడుమ వల కట్టి ఉంచి, తరువాత కలిపాడు.

మొన్న సెలవులలో అమ్మాయిని తీసుకొని చూడబోయాము. మునగాకు వేస్తే మూడు చేపలూ పైకి వచ్చాయి. మూడూ బూడిదరంగు, మూడూ బండమూతి, ఒక్కదానిమీద కూడా గీత లేదు. "నాన్నా, మనది ఏది?" అని అడిగింది. మేము అటునుండి, ఇటునుండి చాలాసేపు చూచాము. చెప్పలేకపోయాము. తోటాయన కూడా చెప్పలేకపోయాడు. అమ్మాయి మూడింటికీ సమంగా ఆకు వేసి వచ్చింది.

కనుక చేపలను పెంచే తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. కొనకముందు అది ఎంత పెరుగుతుందో విచారించండి. కొన్ననాడే తేదీ వేసి, ప్రక్కనుండి ఒక ఫొటో తీసి, చారలు, చుక్కలు లెక్కపెట్టి ఒక నోటుపుస్తకంలో వ్రాయండి. నెలకొకసారి పొడవు, రంగు గుర్తించండి. ఆ పని పిల్లలకు అప్పగిస్తే మనకంటె శ్రద్ధగా చేస్తారు. పాఠకులలో ఎవరి ఇంటనైనా ఏడుచారలదిగాని, ఎర్రంచుదిగాని ఉంటే, దాని పిల్లనాటి రూపాన్ని గురించి ఈ పత్రికకు నాలుగు పంక్తులు వ్రాయవలసిందిగా కోరుతున్నాము. మా అమ్మాయి బొమ్మ వేయడానికి సిద్ధంగా ఉన్నది.